హారతి చూసిన కారు

కారు దానంతట అది తగలబడదు. ఎవరో ఒకరు నేర్పితేనే తగలబడుతుంది. ఇంత చిన్న విషయం మనకి ఇన్నాళ్లూ తెలియలేదంటే మన చదువులు అలా ఏడిశాయి. ప్రభంజన్ ఎలక్ట్రిక్ మోటార్స్ వారు పెద్ద చదువులు చదివినవాళ్లు కాబట్టి కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకున్నారా అంటే అదీ లేదు. నేర్పిన మనిషి ఎవరో కూడా తేల్చి చెప్పారు. ఆ మనిషి కాకినాడ జగన్నాథపురంలో కాపురముంటున్న మట్టపర్తి అప్పాయమ్మ. వయసు డెబ్బై దాటింది, చదివింది వానాకాలం చదువు.

అప్పాయమ్మ కొడుకు వీర్రాజు షామియానాల వ్యాపారం చేస్తాడు. పెళ్లయినా చావయినా ఆ పేటలో కుర్చీలూ బల్లలూ గుడ్డ పందిళ్లూ అతని గోడౌను నుంచే వెళ్లాలి. మనిషి మంచివాడే కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. తల్లి దగ్గర మాత్రం ఆ ముక్కు వంగిపోతుంది. అప్పాయమ్మంటే పేట మొత్తానికీ గౌరవం. ఆవిడ చెయ్యి మంచిదని అందరికీ గట్టి నమ్మకం. కొత్త ఆటో కొన్నవాడూ, పడవకి కొత్త ఇంజను బిగించినవాడూ, కుట్టుమిషను కొనుక్కున్న ఆడపిల్లా ముందు ఆవిడ గుమ్మం ముందుకొచ్చి నిలబడాల్సిందే. గుడికి వెళ్లడం ఆ తర్వాత. ఆవిడ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి, పళ్లెంలో కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పేది. ప్రతిఫలంగా ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే, "బండి మీద నువ్వు చల్లగా తిరిగిరా నాయనా, అదే నాకు" అనేది. ఇన్నేళ్ల బతుకులో ఆవిడకున్న ఆస్తి ఆ పేరొక్కటే.

ఇలా ఉండగా ఊరికి ఎలక్ట్రిక్ కార్ల పిచ్చి పట్టింది. పెట్రోలు కొట్టించుకునేవాణ్ణి జనం పెద్దల ముందు బీడీ కాల్చేవాణ్ణి చూసినట్టు చూడడం మొదలెట్టారు. వీర్రాజు కూడా మెయిన్‌ రోడ్డు మీదున్న ప్రభంజన్ షోరూముకి వెళ్లాడు. లోపల గోడ నిండా ఒకటే ప్రకటన: 'మిమ్మల్ని చూసి నేర్చుకునే కారు!' మీరు కూర్చునే తీరు నేర్చుకుంటుంది, వెళ్లే దారి నేర్చుకుంటుంది, వినే పాట నేర్చుకుంటుంది అని అక్కడివాళ్లు ఊదరగొట్టారు. వీర్రాజు ముచ్చటపడి కొనేశాడు. కొన్న వారానికే అది అతను టిఫిను తినే హోటలు దగ్గరికి రాగానే ఆగమంటారా అని అడగడం మొదలెట్టింది. అంతవరకూ దానితో ఏ పేచీ లేదు.

కారు చేతికిచ్చిన రోజున అప్పాయమ్మని షోరూముకే పిలిపించారు. హారతి పళ్లెం వాళ్లదే, కర్పూరం వాళ్లదే, గాలికి ఆరిపోతుంటే చేతులు అడ్డం పెట్టి వెలిగించిందీ వాళ్ల షోరూము కుర్రాళ్లే. ఆవిడ తిప్పుతుంటే ఫొటో తీసి, 'సంప్రదాయం మీది, సాంకేతికత మాది' అని కింద రాసి ఊరందరికీ చూపించుకున్నారు. అంత గౌరవం చేశారని ఆవిడ నెల్లాళ్లు మురిసిపోయింది.

తర్వాత ఓ ఎనిమిది నెలలకి, ఓ బుధవారం పొద్దెక్కిన వేళ, గోడౌను ముందు ఊరికే నిలబడి ఉన్న కారు కింద నుంచి పొగ వచ్చింది. లోపల మనిషి లేడు, ఛార్జింగు తీగ తగిలించి లేదు. అన్నప్రాసన తాలూకు కుర్చీలు బండికెక్కిస్తున్న వీర్రాజు ఏంటా అని చూసేలోపు బుస్సుమంటూ మంట లేచింది. పనివాళ్లు ఇసుక పోశారు, నీళ్లు పోశారు. ఆరినట్టే ఆరి మళ్లీ లేచింది. ఫైరింజను వచ్చేసరికి ఇనుప చట్రం మిగిలింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు, అది వాళ్ల అదృష్టం.

వీర్రాజు కంపెనీకి ఫోను చేశాడు. అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా బండి నంబరు అడిగింది, మర్యాదగా చూసింది, తమ సిస్టమ్‌లో ఆ వాహనం సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నట్టు కనబడుతోందని మర్యాదగా చెప్పింది. ఒకసారి ఆపి మళ్లీ స్టార్ట్ చేసి, దగ్గర్లోని సర్వీసు సెంటరుకి నడుపుకుంటూ తీసుకురమ్మంది. దాన్ని నడపాలంటే ముందు చీపురూ చేటా కావాలని వీర్రాజు అన్నాడు. ఆ అమ్మాయి అది కూడా మర్యాదగా రాసుకుంది. ఫోను పెట్టేసిన మరుక్షణం తమ సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారో చెప్పమని మెసేజి వచ్చింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. వాడు కనీసం ఎదురుగా నిలబడి అడిగాడు.

మర్నాడు వీర్రాజు షోరూముకి వెళ్లాడు. అక్కడ నిఖిలేశ్ అనే యువకుడు మేనేజరు. అతని గది తలుపు మీద 'వినియోగదారుల ఆనంద విభాగాధిపతి' అని రాసి ఉంటుంది. ఏడుస్తూ వచ్చినవాళ్లందర్నీ ఆ గదికే పంపిస్తారు. వీర్రాజు కారు అంటుకుపోయిందనేసరికి అతను చెవులు మూసుకున్నంత పని చేశాడు.

"మేం ఆ మాట వాడమండి. దాన్ని ఉష్ణ సంఘటన అంటాం."

"ఏదో ఒకటనండి. ఎందుకు జరిగిందో చెప్పండి."

అందుకు ప్రధాన కార్యాలయం నుంచి నిపుణులు వస్తారని, అంతవరకూ మీ భావోద్వేగాలను సంస్థ ఎంతో విలువైనవిగా పరిగణిస్తోందని నిఖిలేశ్ అన్నాడు. కాఫీ ఇచ్చాడు. వేడిగా లేదు.

నిపుణులు ఇద్దరొచ్చారు. ల్యాప్‌టాపు తీసి, దాని తీగ కారుకి గుచ్చడానికి రంధ్రం కోసం వెతికారు. రంధ్రం కాలిపోయింది. రంధ్రం లేకపోతే పరీక్ష లేదన్నారు. కారు కిందకి వంగి చూడండి, బ్యాటరీ పెట్టె ఎలా పేలి విచ్చుకుందో కనబడుతుందని వీర్రాజు బతిమాలాడు. కళ్లతో చూడడం తమ పద్ధతుల్లో లేదన్నారు. 'వాహనం విచారణకు సహకరించలేదు' అని రాసుకుని షోరూముకెళ్లి కూర్చున్నారు. అక్కడ గోడ మీద అప్పాయమ్మ ఫొటో కనబడింది. పళ్లెం, పళ్లెంలో మంట, మంటకి ఎదురుగా కారు. కావలసింది దొరికేసింది.

వారం తిరక్కుండా నివేదిక వచ్చింది. నిఖిలేశ్ దాన్ని నిలబడి చదివి వినిపించాడు.

"మా వాహనం యజమాని కుటుంబం నుంచి నిరంతరం నేర్చుకొను మేధస్సు కలది. కర్మాగారమున ఉన్నంతకాలం దానికి అగ్ని అను విషయముపై ఎట్టి అవగాహనయు లేదు. అప్పగింత దినమున యజమాని మాతృమూర్తి వాహన ముఖభాగమునకు అతి సమీపమున జ్వాలను ముమ్మారు ప్రదర్శించిరి. వాహనము దానిని పాఠముగా స్వీకరించినది. తదుపరి తగిన ఏకాంతము లభించినప్పుడు తాను నేర్చినదానిని ఆచరణలో పెట్టినది. కావున ఇది లోపము కాదు. అభ్యసన సామర్థ్యమునకు నిదర్శనము."

 వీర్రాజు ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లని చూశాడు కానీ, మద్దెలకి దణ్ణం పెట్టిన ముసలమ్మ మీద కేసు పెట్టినవాళ్లని చూడలేదు. హారతి చూసి నేర్చుకుంటే ఆ రోజే తగలబడాలి గానీ ఇన్ని నెలలెందుకు ఆగిందని అడిగాడు.

"మీది పాత మోడలు కదండీ, నిదానంగా నేర్చుకుంటుంది" అన్నాడు నిఖిలేశ్. "రాబోయే మోడలు చాలా చురుకండి."

నివేదిక బయటికెలా పొక్కిందో గానీ, సాయంత్రానికల్లా ఊళ్లో టీవీవాళ్లు 'బామ్మ హారతి, కారు బుగ్గి' అని ఒకటే దరువు. వీర్రాజు ఇంటికెళ్లేసరికి అప్పాయమ్మ టీవీ ముందు కూర్చుని తన ఫొటోనే చూసుకుంటోంది. మంట చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి చూపిస్తున్నారు.

"నేనే నేర్పానంటరా అబ్బాయ్?"

వాళ్ల మొహం, వాళ్లకేం తెలుసని వీర్రాజు కసిరాడు. అంత చదువుకున్నవాళ్లు ఊరికే అంటారా అని ఆవిడ అంది. ఆ రోజు దీపాలవేళ దేవుడి మందసం ముందు ఆవిడ కూర్చోలేదు. కోడలు భూలక్ష్మి అడిగితే నువ్వు వెలిగించమ్మా అని పక్కకి జరిగింది. కర్పూరం డబ్బా గూట్లో అందనంత పైకెక్కింది. పొయ్యి అంటించాలన్నా కోడల్ని పిలవడం మొదలెట్టింది. అప్పుడప్పుడూ అరిచేతులు తిప్పి చూసుకునేది. వీర్రాజుకి కారు కాలిపోయిన రోజున ఏడుపు రాలేదు. ఇది చూస్తే వచ్చింది.

పేటలో జనం ముందులాగే పలకరించారు గానీ గుమ్మం ముందు బండి ఆపడం మానేశారు. నూకరాజని ఆటో నడిపే కుర్రాడు, అంతకు రెండు వారాల ముందే కొత్త ఎలక్ట్రిక్ ఆటోకి ఆవిడ చేత హారతి ఇప్పించుకున్నవాడు, ఓ పొద్దున్న వచ్చి నసుగుతూ నిలబడ్డాడు. ఇచ్చిన హారతి వెనక్కి తీసుకునే పద్ధతేమైనా ఉందా, పళ్లెం ఎడంవైపుకి తిప్పితే మరిచిపోతుందేమో అని అడిగాడు. పాపం, వాడి ఉద్దేశం అవమానించాలని కాదు. ఆటో మీదే వాడి బతుకు. అప్పాయమ్మ లేచి లోపలికెళ్లిపోయింది. నూకరాజుని కొట్టలేక వీర్రాజు గోడని గుద్దాడు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని ఊరికే అనలేదు. వీర్రాజు తిన్నగా షోరూముకెళ్లి, కారు పోతే పోయింది, మా అమ్మ పేరు తీసెయ్యండి చాలు అన్నాడు. నిఖిలేశ్ ఎంతో సానుభూతితో తల ఊపి, సంస్థ తరఫున జీవితకాలం ఉచితంగా కారు కడిగిపెడతామన్నాడు. కడగడానికి కారేదని వీర్రాజు అడిగితే, అది నిబంధనల్లో లేని ప్రశ్నన్నాడు.

"నివేదికలో కారణం అనే గడి ఖాళీగా ఉంచకూడదండి. అమ్మగారి పేరు తీస్తే ఇంకో పేరు పెట్టాలి."

"కంపెనీ పేరు పెట్టండి."

"ఆ గడిలో కంపెనీ పేరు పట్టదండి. వినియోగదారుడు, వినియోగదారుడి బంధువు, వాతావరణం. ఈ మూడే ఉన్నాయి."

"అయితే నా పేరు పెట్టుకోండి. నేనే తగలబెట్టానని రాసుకోండి. సంతకం పెడతాను."

నిఖిలేశ్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ఫొటోలో పళ్లెం మీరు పట్టుకోలేదు కదండీ" అన్నాడు.

ఈలోగా దేశంలో అక్కడక్కడా ఇంకొన్ని ప్రభంజన్ కార్లు తాము నేర్చుకున్నది ఆచరణలో పెట్టాయి. సంస్థ మేలుకొంది. బ్యాటరీని బాగుచేసిందనుకునేరు, అలాంటి తొందరపాటు పనులు సంస్థ చెయ్యదు. 'జ్వాలారహిత జీవన విధానం' అని ఒకటి తయారుచేసి కార్లున్నవాళ్లందరికీ పంపించింది. వంటింటి కిటికీ వైపు కారు మొహం పెట్టి నిలపరాదు. దీపావళి వారం రోజులూ కారును బంధువుల ఊరు తరలించవలెను. శ్మశానం పక్కగా పోవునప్పుడు ముందు దీపాలకు గుడ్డ కట్టవలెను. అగ్నిమాపక కేంద్రం ఛాయలకే పోరాదు, అక్కడివారి సంభాషణ అంతా అదే విషయం మీద ఉంటుంది.

జనం నవ్వుతారనుకుంటాం కదా? కార్లున్నవాళ్లు పాటించారు. రామారావుపేటలో ఒకాయన భార్య చేత పెరట్లో వంట చేయించాడు. భానుగుడి దగ్గర బజ్జీల బండివాణ్ణి ఎదురు మేడలోని కార్లు చెడిపోతున్నాయని తరిమేశారు. వాడు ఇరవై ఏళ్లుగా బజ్జీలు వేస్తున్నాడు, పక్కన నిలబెట్టిన ఏ సైకిలూ వాడి దగ్గర వంట నేర్చుకోలేదు.

కార్లు కాలినవాళ్ల కోసం సంస్థవారు ఓ కల్యాణ మండపంలో అవగాహన సదస్సు పెట్టారు. కుర్చీలు కావాలని వీర్రాజునే అడిగారు. అతను ఇచ్చాడు, ఇచ్చి చివరి కుర్చీలో తనే కూర్చున్నాడు. ప్రధాన కార్యాలయం నుంచి రాజీవలోచన్ అనే పెద్దాయన దిగాడు. హోదాలో చాలా పైవాడు, మాట చాలా మెత్తన. మంటలనే మాట ఒక్కసారి కూడా నోట రాకుండా చాలాసేపు మాట్లాడాడు. సామర్లకోట నుంచి వచ్చిన సలోమి అనే రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్ లేచి, తాము క్రైస్తవులమని, తమ కారుకి ఎవరూ హారతి ఇవ్వలేదని, పాస్టరుగారు ప్రార్థన మాత్రమే చేశారని, అయినా జోరువానలో నిలబడి కాలిపోయిందని చెప్పింది.

రాజీవలోచన్ దీర్ఘంగా ఆలోచించాడు. "ప్రార్థనలో ఎక్కడైనా ఆ పదార్థం ప్రస్తావన వచ్చిందా మేడం?"

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట. సలోమి ముప్పై ఏళ్లు పిల్లల సాకులు విన్న మనిషి, ఇలాంటి సాకు ఎప్పుడూ వినలేదని పక్కనున్న వీర్రాజుతో అని కూర్చుంది.

ఆఖర్న రాజీవలోచన్ శుభవార్త చెప్పాడు. సంస్థ సంప్రదాయానికి వ్యతిరేకం కాదు. అందుకే 'శీతల హారతి' కనిపెట్టింది. పళ్లెం ఉంటుంది, పళ్లెంలో కర్పూరం బదులు జ్వాలలా వెలిగే బల్బు ఉంటుంది, అడుగున చిన్న బ్యాటరీ ఉంటుంది. కార్లలో వాడే విశ్వసనీయమైన బ్యాటరీయే, చిన్న సైజులో. దీన్ని చూసి కారు నేర్చుకోవడానికి ఏమీ లేదు. కొత్త మోడలు విడుదల నాడు దీన్ని ప్రారంభిస్తారు. ప్రారంభించడానికి అప్పాయమ్మగారే రావాలి. దోషం ఎవరి చేత జరిగిందో దిద్దుబాటు వారి చేతే జరిగితే సమాజానికి మంచి సందేశం వెళ్తుంది. వస్తే నివేదికలో ఆవిడ పేరు పక్కన 'తెలియక చేసినది' అని చేర్చడానికి సంస్థ పెద్దమనసుతో అంగీకరిస్తుంది.

వీర్రాజు లేచి కుర్చీ ఎత్తాడు. తన కుర్చీయే కదా అని గుర్తొచ్చి దించాడు.

ఇంటికెళ్లి ఈ మాట తల్లితో చెప్పకూడదనుకున్నాడు. కానీ చెప్పాడు, కడుపులో దాచుకోవడం అతని వల్ల కాదు. ఇంకెన్నాళ్లీ అవమానం, ఆ గుమ్మం తొక్కేది లేదని అతను గెంతుతుంటే అప్పాయమ్మ శాంతంగా విని, వెళ్దాం అంది.

"తప్పు నాదయితే పదిమందిలో ఒప్పుకుంటానురా. కాకపోతే కాదన్న మాట వాళ్ల నోటితోనే వింటాను. ఏదో ఒకటి తేలకపోతే ఈ చేతులతో నాకు ఏదీ పట్టుకోబుద్ధి కావట్లేదు."

వీర్రాజు సరేనన్నాడు.

విడుదల రోజున ఆ మండపం ఆవరణలోనే పెద్ద పందిరి వేశారు. వేసింది వీర్రాజే. కొత్త కారుని మధ్యలో నిలబెట్టి, అది చూడకూడనిదేదీ చూడకుండా పెద్ద కట్టుదిట్టం చేశారు. వంటశాల మూసేసి, కార్లు కాలినవాళ్లతో సహా అతిథులందరికీ అరటిపళ్లూ చల్లటి అటుకులూ పెట్టారు. గేటు దగ్గర అగ్గిపెట్టెలన్నీ గుంజుకున్నారు. జ్యోతి ప్రజ్వలనకి బదులు గోడకి దీపం బొమ్మ అతికించి దానికి నమస్కారం పెట్టించారు. అన్నిటికన్నా గొప్ప సంగతేంటంటే, మండపం గోడలకున్న మంటలార్పే ఎర్ర సిలిండర్లనీ ఇసుక బకెట్లనీ తీయించి వీధిలో పెట్టించారు. వాటి మీద 'ఫైర్' అని రాసి ఉంది. కొత్త మోడలుకి చదువొచ్చు.

ఇదంతా వీర్రాజు చూశాడు. గుడ్డపందిరి వేసేవాడికి నిప్పంటే భయం ఉంటుంది, ఉండాలి. ఎవరికీ చెప్పకుండా పందిరి వెనక రెండు డ్రమ్ముల నీళ్లూ నాలుగు తట్టల ఇసుకా పెట్టించుకున్నాడు. వాటి మీద ఏమీ రాసి లేదు.

అప్పాయమ్మని వేదిక ఎక్కించి శాలువా కప్పారు. రాజీవలోచన్ శీతల హారతి పళ్లెం మీట నొక్కాడు. బల్బు మినుకుమంది. ఆవిడ ముందు పెట్టి తీసుకోమన్నాడు. ఆవిడ చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. అన్ని రోజులూ తిప్పి చూసుకున్న చెయ్యి. 

"ఈ చేత్తో ఎందుకులే బాబూ. మీరే ఇవ్వండి" అని ఆవిడ వెనక్కి జరిగింది.

కెమెరాలు చూస్తున్నాయి కాబట్టి రాజీవలోచన్ పెద్దగా నవ్వి తనే తిప్పడం మొదలెట్టాడు. తిప్పుతూ సంస్థ దార్శనికత గురించి మాట్లాడుతున్నాడు. మొదటి చుట్టు అయింది. రెండో చుట్టుకి పళ్లెం అడుగు నుంచి సన్నగా పొగ వచ్చింది. ధూపం కూడా పెట్టారు కాబోలని జనం కళ్లకద్దుకున్నారు. నిఖిలేశ్‌కి మాత్రం అర్థమైంది. అర్థమైంది గానీ ఆ మాట వాడకూడదు కదా.

"సార్! ఉష్ణ సంఘటన! ఉష్ణ సంఘటన సార్!" అని అరిచాడు.

రాజీవలోచన్ అది జేజే కొట్టడమనుకుని అతని వైపు చిరునవ్వుతో తల ఊపాడు. మూడో చుట్టు సగంలో పళ్లెం బుస్సుమంది. వీర్రాజుకి ఆ చప్పుడు బాగా తెలుసు. చెయ్యెత్తు మంట లేచింది. రాజీవలోచన్ కెవ్వుమని పళ్లెం విసిరేస్తే అది వేదిక మీది తివాచీలో పడి తివాచీ అంటుకుంది. అతని కోటు చెయ్యి కూడా పొగలు కక్కుతోంది. సంస్థ ఉద్యోగులు ఒక్కసారిగా ముందుకురికారు, రాజీవలోచన్‌ని దాటుకుంటూ వెళ్లి కొత్త కారు ముందు దీపాలకి గుడ్డలు కప్పారు. సిలిండర్లు తెండని ఎవరో అరిచారు. సిలిండర్లు వీధిలో ఉన్నాయి.

వీర్రాజు, అతని పనివాళ్లు తట్టలతో పరిగెత్తారు. పళ్లెం మీద ఇసుక గుమ్మరించారు, తివాచీ మీద నీళ్లు పోశారు, మిగిలిన డ్రమ్ము రాజీవలోచన్ మీద బోర్లించారు. అంత అవసరం లేకపోయినా బోర్లించారు. పందిరి గుడ్డ అంటుకోలేదు, అదే పదివేలు. కాసేపటికి చప్పుడు సద్దుమణిగింది. తడిసి ముద్దయిన రాజీవలోచన్ వేదిక మీద కూలబడ్డాడు.

అప్పుడు అప్పాయమ్మ లేచి ఇసుకలో కూరుకుపోయిన పళ్లెం దగ్గరికెళ్లింది. వంగి చూసింది. ఆవిడ గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మరి దీనికి ఎవరు నేర్పారు బాబూ?"

రాజీవలోచన్ నిఖిలేశ్ వైపు చూశాడు. నిఖిలేశ్ నేల చూశాడు.

"కర్పూరం లేదు. అగ్గిపుల్ల లేదు. నేను ముట్టుకోనైనా లేదు" అంది ఆవిడ, ఒక్కొక్కటీ తనకి తనే చెప్పుకుంటున్నట్టు. తర్వాత అరిచేతులు తిప్పి చూసుకుంది. "అయితే ఇది నా చెయ్యి కాదన్నమాట."

ముందు చప్పట్లు కొట్టింది సలోమి. ఆ వెనక కార్లు కాలినవాళ్లంతా కొట్టారు. ఆ తర్వాత అటుకుల కోసం వచ్చినవాళ్లు కూడా కొట్టారు. వీర్రాజు ఇసుక తట్ట పట్టుకునే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఎవరు చూస్తే నాకేంటనుకున్నాడు.

మర్నాడు సంస్థ ఓ ప్రకటన ఇచ్చింది. కొత్త మోడలు విడుదల ఆత్మీయమైన వెచ్చదనం నడుమ జరిగిందట. ఆ తర్వాత విచారణ కూడా చేసి, శీతల హారతి పళ్లెం ఎదురుగా నిలిపిన కారును చూసి నేర్చుకున్నట్లు తేల్చింది. ఆ కారు ఎవర్ని చూసి నేర్చుకుందో విచారణ కొనసాగుతోందట. పాత నివేదికలో అప్పాయమ్మ పేరు అలాగే ఉంది. కాలిపోయిన కారు సంపూర్ణ ఆరోగ్యంతో ఉందని, చాలా రోజులుగా మీరు దాన్ని బయటికి తీసుకెళ్లకపోవడంతో అది బెంగపెట్టుకుందని వీర్రాజు ఫోనుకి ఇప్పటికీ మెసేజిలు వస్తూనే ఉన్నాయి. మునుపయితే ఫోను నేలకేసి కొట్టేవాడు. ఇప్పుడు తల్లికి చదివి వినిపిస్తున్నాడు, ఆవిడ నవ్వుతోంది.

వాళ్ల నోటితో కాదనే మాట రాదని ఆవిడకి అర్థమైపోయింది. ఆ మాట వాళ్ల పళ్లెమే చెప్పింది కాబట్టి ఇక ఆవిడకి వాళ్ల నోటితో పనిలేదు. వేడుక నుంచి ఇంటికొచ్చిన సాయంత్రమే కోడల్ని పిలిచి గూట్లోంచి కర్పూరం డబ్బా దింపించింది. దీపం తనే వెలిగించింది.

తర్వాత శుక్రవారం పొద్దున్న గుమ్మం ముందు మళ్లీ బండ్లు ఆగాయి. నూకరాజు అందరికన్నా ముందొచ్చాడు, తప్పయిపోయింది మామ్మగారూ, ఎడంవైపు అక్కర్లేదు, కుడివైపే ఇంకోసారి తిప్పండి అని చెవులు పట్టుకున్నాడు. వాడి వెనక పడవ ఇంజను మోసుకొచ్చిన ఇద్దరున్నారు. వాళ్ల వెనక హెల్మెట్ తియ్యకుండా, ఎవరి కంటా పడకుండా గోడవార నిలబడ్డ మనిషొకడున్నాడు. కొత్త మోటారు సైకిలు, సీటుకి ఇంకా పాలిథిన్ కవరు కూడా ఊడదియ్యలేదు.

వీర్రాజు దగ్గరికెళ్లి హెల్మెట్ అద్దం పైకెత్తి చూశాడు. వినియోగదారుల ఆనంద విభాగాధిపతి.

వీర్రాజు ముక్కు మీదికి కోపం వచ్చింది. చొక్కా పట్టుకుందామని చెయ్యి కూడా లేచింది. ఈలోగా అప్పాయమ్మ పళ్లెం పట్టుకుని రానే వచ్చింది. నిఖిలేశ్‌ని పోల్చుకుంది.  చక్రాల కింద నిమ్మకాయలు పెట్టమంది.

"ఇది కరెంటుదేనా నాయనా?"

నిఖిలేశ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కాదండి. పెట్రోలుదండి."

"అలాగా" అని అప్పాయమ్మ నాలుగడుగులు వెనక్కి వేసింది. "అయితే బండి అక్కడే ఉంచి నువ్వు ఇటు రా. దూరం నుంచే ఇస్తాను. నిప్పు కదా, జాగ్రత్తగా ఉండాలి."